తలుపు తీయక ముందు పదకొండు సెకన్లు

నాకు కోపం తొందరగా వస్తుంది. ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివిన ఆరేళ్లూ ఆ కోపం మెస్ సాంబారు మీద, గడగడలాడే ఫ్యాన్ల మీద, పక్క మంచం అమ్మాయి అలారం మీద ఖర్చయిపోయింది. పనిలో చేరాక అదంతా కంప్యూటర్ మీదికి మళ్లింది. కంప్యూటర్ తిరిగి ఒక్క మాట అనదు కాబట్టి చుట్టుపక్కల వాళ్లకు కొంత ప్రశాంతత దొరికింది.

ఉద్యోగం అని దర్జాగా చెప్పుకోవచ్చు గానీ, అప్పటికి అది మూడు నెలల పరీక్ష మాత్రమే. నారాయణగూడలో ఒక టిఫిన్ సెంటర్ పైన మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మెట్లెక్కుతుంటే ముందు దోసెల వాసన వస్తుంది, తర్వాత ఆఫీసు వస్తుంది. లోపల అయిదుగురం. దాన్ని నడిపే ఆయనను అందరం అన్నా అనే పిలుస్తాం. నన్ను తీసుకున్న రోజు ఆయన జావా గురించి పెద్దగా ఏమీ అడగలేదు.

"పరీక్షలు ఇంక రాయవు కదా? నోటిఫికేషన్ పడ్డదని నడుమల ఇడిచిపెట్టి పోతే నేను పరేషాన్ అయిత," అన్నాడు.

"రాయనన్నా," అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఫలితాల జాబితాను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివి, నంబరు కనబడక మళ్లీ పైనుంచి మొదలుపెట్టిన పొద్దులు చాలా ఉన్నాయి. మాట బయటికి వచ్చాక మాత్రం నెత్తి మీది బస్తా దించినట్టు అనిపించింది.

"అయితే విను. మూడో నెల ఆఖర్ల ఒక పని నీ ఒక్కదాని చేతుల పెడ్త. అది వారం రోజులు లొల్లి లేకుండ నడిస్తే నువ్వు పక్కా. నడువకపోతే మంచిగ చాయ్ తాగి ఎవరి తొవ్వల వాళ్లం పోదాం," అన్నాడు అన్న.

ఈ సంగతులేవీ అమ్మకు చెప్పలేదు. మాది పాలమూరు వైపు ఊరు. అమ్మ అంబర్‌పేటలో ఉంటూ మేస్త్రీల వెంట కట్టుబడి పనికి పోతుంది. ఫోన్ చేసి "చదువుతున్నవా బిడ్డా" అని అడిగితే "ఆఁ, చదువుతున్న" అనేదాన్ని. అబద్ధం కాదు. జావా చదువుతున్నాను. పక్కా అయిన రోజునే చెబుదామని, అంతదాకా ఆమె ఆశను కదపవద్దని ఆగాను.

మూడో నెల ఆఖరు వచ్చింది. అన్న నా చేతిలో పెట్టిన పని చూసి పకపకా నవ్వాను. అశోక్ నగర్‌లో ఒక స్టడీ హాల్‌కి సీట్లు బుక్ చేసుకునే యాప్. ఏ హాల్ అనుకున్నారు? నేను నాలుగేళ్లు కూర్చున్నదే. నలభై రెండో నంబరు కుర్చీ అరిగింది నా వల్లే.

మా వీధుల్లో కుర్చీ అంటే మామూలు సంగతి కాదు. ఫ్యాన్ కిందిదా, కిటికీ పక్కదా, ప్లగ్గు అందేదా అన్నదాన్ని బట్టి మనిషి జాతకం చెప్పేస్తారు. నెలనెలా కట్టేవాళ్లకు పక్కా సీట్లు ఉంటాయి. ఆ బల్ల మీద వాళ్ల టైం టేబుల్ అంటించి ఉంటుంది, దేవుడి స్టిక్కర్ ఉంటుంది, "ఈసారి కొట్టాలి" అని పెన్నుతో చెక్కిన ప్రతిజ్ఞ ఉంటుంది. మిగిలినవి రోజువారీ సీట్లు. పొద్దున అయిదింటికి ఎవరు ముందొస్తే వాళ్లవి. నాకు పక్కా సీటు దొరకక ముందు, వాటి కోసం మెట్ల మీద జరిగే తోపులాటలో నా చెప్పులు రెండుసార్లు తెగాయి.

ఆ హాల్‌ను నడిపే అక్కకు యాభై దాటి ఉంటాయి. నడుముకు తాళాల గుత్తి, గొంతులో మైకు. అక్కకు ఒక పట్టింపు ఉంది. రాత్రి తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తుంది. లోపల ఏ ఒక్క వస్తువూ తిరగకూడదు, మెరవకూడదు. ఎప్పుడో ఒక ఫ్యాన్ కాలి పొగ వచ్చిందట, అప్పటి నుంచి మెయిన్ ఆపితేనే ఆమెకు నిద్ర. మా యాప్ నడవాల్సింది అక్క బల్ల కింద ఉన్న ముసలి కంప్యూటర్‌లో. అంటే ప్రతి పొద్దునా అక్క మెయిన్ వేయగానే కంప్యూటర్ లేవాలి, యాప్ మొదటి నుంచి మొదలవ్వాలి. మొదలైనప్పుడు యాప్‌కి ఏమీ గుర్తుండదు. నూట ఎనభై కుర్చీలూ ఖాళీగానే కనిపిస్తాయి. కాబట్టి లేవగానే అది చేయాల్సిన మొట్టమొదటి పని, పక్కా సీట్ల జాబితా చదివి ఎవరి కుర్చీ మీద వాళ్ల పేరు పెట్టడం. నా పరీక్ష అంతా ఆ ఒక్క పని మీదే.

ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పాలి, భయపడకండి. మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే ప్రోగ్రాం కోసం ముందే కట్టి ఇచ్చే చట్రంలో, ప్రోగ్రాంలోని ఏ భాగమూ తనకు కావలసింది తను వెళ్లి తెచ్చుకోదు. "నాకు జాబితా చదివేవాడు కావాలి" అని రాసి కూర్చుంటే ఫ్రేమ్‌వర్కే తెచ్చి చేతిలో పెడుతుంది. దీన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ఆరేళ్లు మెస్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడిన నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. అడిగినవన్నీ కూర్చున్న చోటికి వస్తున్నాయి.

చిక్కల్లా ఎప్పుడు వస్తాయన్నదే. మొదటిసారి నేను ఆ జాబితా పనిని కన్‌స్ట్రక్టర్‌లో రాశాను, అంటే ఆ భాగం పుట్టే క్షణంలోనే. నడిపితే తెర నిండా ఎర్ర అక్షరాలు. జాబితా చదివేవాడు లేడు, ఆ చోట నల్, అంటే శూన్యం. కంప్యూటర్‌ను పది నిమిషాలు తిట్టాను. అన్న తన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

"పుట్టంగనే చేతుల ఏముంటది? ముందు పుడ్తది, తర్వాత సామాన్లు అందుతయ్. సామాన్లు అందినంక చేసే పనికి వేరే జాగ ఉంది, చూడు."

చూశాను. ఒకటి కాదు, రెండు జాగాలు కనిపించాయి. మొదటిది, ఆ భాగానికి కావలసినవన్నీ చేతికి అందిన వెంటనే. దానికి పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ అని పేరు. రెండోది, మొత్తం అప్లికేషన్ లేచి నిలబడ్డాక. దాన్ని రన్నర్ అంటారు. నేను రెండోది ఎంచుకున్నాను. అంతా సిద్ధమయ్యాక చేసే పనిలో తప్పు ఎలా జరుగుతుంది? ఒకసారి నల్ చేతిలో దెబ్బ తిన్నదాన్ని, అతి జాగ్రత్తకు పోయాను. ఆఫీసులో అయిదు ఉత్తుత్తి పేర్లు పెట్టి, పదకొండు గంటల చాయ్ తాగుతూ నడిపి చూశాను. రెప్పపాటులో అయిదు కుర్చీలూ ఎర్రబడ్డాయి. మా యాప్‌లో ఖాళీ కుర్చీ పచ్చన, నిండింది ఎర్రన. నా భుజం నేనే తట్టుకున్నాను.

సోమవారం పొద్దున అయిదుకు పది నిమిషాల ముందే హాల్ దగ్గర ఉన్నాను. మెట్ల నిండా జనం. రాంనగర్ హాస్టళ్ల నుంచి, దోమలగూడ గదుల నుంచి తలస్నానం చేసి వచ్చిన తడి తలలు, ఫోన్ల వెలుగులో మొహాలు. చాలామంది నన్ను గుర్తుపట్టి "ఏంది అక్కా, మల్ల చదువుతున్నవా?" అని పలకరించారు. "లేదు, ఈ యాప్ నాదే" అన్నాను. ఆ మాట అంటుంటే కలిగిన గర్వం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అక్క లోపలికి వెళ్లి మెయిన్ వేసింది. వైఫై లేచింది, కంప్యూటర్ లేచింది, యాప్ లేచింది. మెట్ల మీద ఒక్కసారిగా "దొరికింది! నాకు దొరికింది!" అని కేకలు. ఇదేంటి, ఇంతమందికి సీట్లు ఎక్కడివి అని నేను ఆలోచించేలోపే అక్క గ్రిల్ తీసింది.

అయిదు నిమిషాల్లో లోపల కూరగాయల మార్కెట్ తయారైంది. పక్కా సీట్లలో రోజువారీ వాళ్లు కూర్చుని ఉన్నారు. అసలు వాళ్లు వచ్చి లేవమంటున్నారు. వీళ్లు ఫోన్ చూపిస్తున్నారు, వాళ్లు బల్ల మీది టైం టేబుల్ చూపిస్తున్నారు. ముప్పై నాలుగు కుర్చీల దగ్గర ముప్పై నాలుగు జగడాలు. నలభై ఒకటో కుర్చీ, నా పాత కుర్చీ పక్కది, మేం కిటికీ అన్న అని పిలిచే ఆయనది. ఆయన ఎన్నేళ్లుగా ఆ కిటికీ పక్కన కూర్చుంటున్నాడో ఎవరికీ తెలియదు, అందుకే ఆ పేరు. వయసు దాటకముందు ఆయనకు మిగిలింది ఒక్క పరీక్షే. ఆ మనిషి తన పుస్తకాలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంటే, ఆయన కుర్చీలో ఎవరో కొత్త కుర్రాడు కరెంట్ అఫైర్స్ చదువుకుంటున్నాడు. అది చూసి నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎప్పటిలాగే కోపమే ముందు బయటికి వచ్చింది.

"ఎవరో ఏందో నొక్కిండ్రు! మంచిగ నడుస్తుండె, ఆఫీస్‌ల నేను చూసిన!" అని అరిచాను.

కిటికీ అన్న కోప్పడలేదు. "ఫలితాలు వచ్చే పొద్దున నువ్వు ఏం చేస్తుంటివి చెల్లే?" అని అడిగాడు.

"ఏం చేస్త? రిఫ్రెష్ కొడ్తుంటి."

"ఎంతసేపు?"

నా బొటనవేలి వంక చూసుకున్నాను. హాల్ టికెట్ల సైటు, ఫలితాల సైటు, అప్లికేషన్ ఆఖరి రోజు సైటు. తెరుచుకున్న మొదటి సెకనులో దూరకపోతే మళ్లీ దొరకదని ఆరేళ్లలో వేళ్లకు పట్టిన అలవాటు అది. ఈ మెట్ల మీద ఉన్న ప్రతి బొటనవేలికీ ఆ అలవాటే. యాప్ కన్ను తెరిచీ తెరవగానే వంద బొటనవేళ్లు దాని మీద పడ్డాయి. నేను చాయ్ తాగుతూ తీరిగ్గా ఒక్క వేలితో నడిపి చూసింది వీళ్ల కోసం రాసిన యాప్‌ని. వాళ్లలో ఒకదాన్నై ఉండి కూడా నాకు తట్టలేదు.

అప్పుడు అక్క అందుకుంది. ఇన్నాళ్లూ పొద్దున్నే ఆమె చేసిన పని నాకు కంఠతా వచ్చు. పక్కా సీట్ల వాళ్ల పేర్లు రాసిన అట్టముక్కలు చేతిలో పట్టుకుని, ఒక్కో కుర్చీ మీద ఒక్కోటి పెట్టుకుంటూ హాలంతా తిరిగేది. ఆ తర్వాతే వచ్చి గ్రిల్ తీసేది.

"నాకు మీ కంప్యూటర్ చదువు తెల్వదు బిడ్డా. నేను అట్టలు పెట్టినంక గ్రిల్ తీస్తుంటి. నీ మిషన్ ముందుగల గ్రిల్ తీసి, గప్పుడు అట్టలు పెడ్తుందా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది.

"రేపు పొద్దుగాల ఒక్కసారి చూస్త," అంది అక్క వేలు చూపించి. "మల్ల గిట్ల లొల్లి అయితే నా అట్టలు నాకున్నయ్. మీ అన్నకు చెప్పు."

అంటే నా వారం ఒక్క రోజుకు కుదించుకుపోయింది. ఆ పొద్దున ముప్పై నాలుగు జగడాలను అక్కా నేనూ కలిసి చేత్తో విడగొట్టాం. కిటికీ అన్న కుర్చీలోని కుర్రాడిని నేనే లేపి ప్లగ్గు దగ్గర కూర్చోబెట్టాను. వాడికి ఇంకా మంచి సీటే దొరికింది.

అక్కడి నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు నడిచే వెళ్లాను. ఆ తొవ్వలో ఇరానీ చాయ్ దుకాణాలు ఎన్ని ఉన్నాయో, ఒక్కదాని ముందూ ఆగలేదు. నాకు అది తొందర కాదు, పగ. ఆఫీసు తెరిచి, హాల్ కంప్యూటర్ నుంచి తెచ్చుకున్న లాగ్ తీశాను. లాగ్ అంటే ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనినీ వేళతో సహా రాసుకునే డైరీ. పైనుంచి చదివాను. "తలుపు తెరిచాను, ఎవరైనా రావచ్చు" అన్న అర్థంలో ఒక వాక్యం. దాని కింద వరుసగా బుకింగులు, అందులో ముప్పై నాలుగు పక్కా సీట్ల మీద. వాటన్నిటికీ కింద, పదకొండు సెకన్ల తర్వాత, నేను రాయించిన వాక్యం: పక్కా సీట్లు నింపాను.

అచ్చం అక్క చెప్పినట్టే ఉంది. రన్నర్ నడిచేది అంతా సిద్ధమయ్యాకే, నిజమే. కానీ ఆ "అంతా"లో జనం లోపలికి వచ్చే తలుపు తెరుచుకోవడం కూడా ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో అయిదు పేర్లకు రెప్పపాటు చాలింది. అక్క బల్ల కింది ముసలి కంప్యూటర్ వంద పేర్లను ఒక్కొక్కటిగా ఆయాసపడుతూ చదవడానికి పదకొండు సెకన్లు పట్టింది. పైగా నా కోడ్ మహా మర్యాదస్తురాలు. కుర్చీలో అప్పటికే ఎవరైనా కూర్చుని ఉంటే, పక్కా సీటు మనిషి పేరు పెట్టకుండా పక్కకు తప్పుకుని పోయింది. ఆ మర్యాద నేర్పింది నేనే.

తప్పు దొరికినప్పుడు కలిగే సంతోషం ఒకటి ఉంటుంది. దాన్ని బయటివాళ్లకు చెబితే పిచ్చి అనుకుంటారు. ఆరేళ్లలో నేను ఎందుకు తప్పానో ఏ పరీక్షా నాకు చెప్పలేదు. నంబరు ఉండేది కాదు, అంతే. ఇక్కడ నా తప్పు వరుస నంబరుతో, వేళతో సహా కళ్ల ముందు ఉంది. దిద్దుకోవచ్చు. ఈరోజే దిద్దుకోవచ్చు. కుర్చీలోంచి లేచి గట్టిగా చప్పట్లు కొట్టాను. అప్పుడే వచ్చిన అన్న గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమాయె? హాల్‌ల కొట్లాట అయిందట కదా, అక్క ఫోన్ చేసింది," అన్నాడు.

"అయిందన్నా! ఎందుకైందో దొరికింది!"

పని మొదటి జాగాకు మార్చాను. సామాన్లు చేతికి అందిన వెంటనే, తలుపు ఇంకా మూసి ఉండగానే, జాబితా చదవాలి. మార్చింది చూస్తే నాలుగు లైన్లు. ఒక్క అనుమానం మాత్రం పీకుతూనే ఉంది. ఈ జాగాలో జాబితా చదవడం కుదరకపోతే, ఫైలే పాడైపోతే, యాప్ అసలు లేవదు. తలుపు తెరుచుకోనే తెరుచుకోదు. అది ఇంకో రకం లొల్లి కదా అని అన్నను అడిగాను. అన్న అక్కకే ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

"అక్కా, ఒకవేళ జాబితా దొరకకపోతే యాప్ తెరుచుకోదు. పర్వాలేదా?"

"తెరుచుకోకపోతే నాకు తెలుస్తది. నేను అట్టలు తీస్త, చేత్తోటి కూసోపెడ్త," అంది అక్క. "తప్పుగ తెరిస్తేనే కద పరేషాన్. గ్రిల్ మూసి ఉంటే ఎవ్వడు కొట్లాడడు. ఆవులిస్తరు, అంతే."

ఫ్రేమ్‌వర్క్ పుస్తకంలో రెండు పేజీలు చదివి అర్థం చేసుకున్న సంగతిని ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మధ్యాహ్నం ఒకసారి మెయిన్ ఆపి వేస్తే అక్కడే చూసుకుంటానని బతిమాలాను. "చదువుకునే పిల్లల మీద కరెంటు తియ్య," అని ఫోన్ పెట్టేసింది.

దాంతో అన్న అటక మీద నుంచి ఒక పాత కంప్యూటర్ దించాడు. దాని వయసుకు మర్యాదగా నమస్కారం పెట్టాలి. అందులో అక్క జాబితా మొత్తం ఎక్కించాను. ఆఫీసులో ఉన్న అయిదుగురమూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. "ఫలితాలు వచ్చే పొద్దు అనుకోండి, మీ బతుకంతా ఈ నంబరు మీదే ఉంది, కొట్టండి!" అని అరిచాను. ఎన్నడూ ఏ పరీక్షా రాయని వాళ్లు కూడా పూనకం వచ్చినట్టు కొట్టారు. పేజీ తెరుచుకోలేదు. తెరుచుకోలేదు. తెరుచుకోలేదు. తెరుచుకున్నాక చూస్తే పక్కా సీట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. పన్నెండుసార్లు ఆపి, పన్నెండుసార్లు లేపాం. పన్నెండుసార్లూ అంతే. కింది టిఫిన్ సెంటర్ ఆయన పైకి వచ్చి, ఏం లొల్లి ఇది, క్రికెట్ మ్యాచా అని అడిగాడు.

సాయంత్రమే వెళ్లి కొత్త కోడ్‌ను హాల్ కంప్యూటర్‌లో ఎక్కించి వచ్చాను. అయినా మంగళవారం పొద్దున మెట్ల మీద అందరికంటే వెనక నిలబడ్డాను. ఈసారి యాప్ నాది అని ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నిన్నటి తర్వాత అందరికీ తెలుసు. "అక్కా, ఈరోజు కూడ నాకు కిటికీ సీటు ఇప్పియ్యవా?" అని ఒకడు వేళాకోళం చేశాడు. కిటికీ అన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, పుస్తకాలు చంకలో. ఆయన ఫోన్ కూడా బయటికి తీయలేదు. పక్కా సీటు మనిషికి ఫోన్ ఎందుకు? నిన్న అంత జరిగాక కూడా ఆయన అలా నిలబడడం చూసి నాకు ధైర్యం రావాలి. రాలేదు, భయం రెట్టింపైంది.

లోపల మెయిన్ పడిన చప్పుడు. ట్యూబులైట్లు టపటపలాడాయి. నాలుగు మెట్ల కింద వైఫై దొరికిందని ఎవరో అన్నారు. కంప్యూటర్ లేచే రెండు నిమిషాలూ ఎప్పటిలాగే గడిచాయి. తర్వాత ఆ పదకొండు సెకన్లు వచ్చాయి. నిన్న ఈ వేళకే "దొరికింది" అని కేకలు వచ్చాయి. ఇవాళ బొటనవేళ్లు టకటకా పడుతూనే ఉన్నాయి, ఏ ఫోన్లోనూ ఏమీ తెరుచుకోవడం లేదు. "సైట్ లేస్తలేదు", "పోయినట్టుంది", "ఇగ అట్టలే గతి" అని గొణుగుడు మొదలైంది. లోపల ఆ ముసలి మిషన్ ఒక్కో పేరూ చదువుకుంటూ ఒక్కో కుర్చీ మీద పెట్టుకుంటూ వెళ్తోందని నాకు ఒక్కదానికే తెలుసు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు.

పదమూడు దగ్గర తెరుచుకుంది.

పచ్చవి పచ్చగా, ఎర్రవి ఎర్రగా. రోజువారీ సీట్లు చూస్తుండగానే అయిపోయాయి. దొరికినవాళ్లు నవ్వారు, దొరకనివాళ్లు తిట్టుకుంటూ మెట్లు దిగారు. అక్క గ్రిల్ తీసింది. అందరూ లోపలికి వెళ్లారు. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. కిటికీ అన్న వెళ్లి, కుర్చీ వెనక్కి లాగి, కిటికీ రెక్క కొంచెం తెరిచి, పుస్తకం విప్పాడు. తలెత్తి ఎవరి వంకా చూడలేదు, చూడాల్సిన పని ఆయనకు లేదు. అయిదు నిమిషాల తర్వాత హాల్‌లో పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నేను గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాను. అక్క వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఏడుస్తున్నవ్ ఎందుకు? లొల్లి కాలేదు కద."

"అందుకే అక్కా," అన్నాను.

"పిచ్చిదానివి," అని నా వీపు మీద ఒకటి వేసింది. గట్టిగానే తగిలింది. ఆ రోజంతా ఆ చోటు వెచ్చగా ఉంది.

బుధవారం, గురువారం, శుక్రవారం కూడా నిమ్మళంగానే గడిచాయి. ఆదివారం కొంచెం భయపెట్టింది గానీ, అది అక్క మెయిన్ వేయడం మర్చిపోయి పూజ చేసుకోవడం వల్ల. మళ్లీ సోమవారం వచ్చింది. పదకొండు గంటలకు అన్న చాయ్ గ్లాసు నా ముందు పెట్టాడు. నేను గ్లాసు ముట్టుకోలేదు. మంచిగా చాయ్ తాగి ఎవరి తొవ్వన వాళ్లం పోదామన్న మాట గుర్తుంది కదా.

"తాగు, తాగు," అన్నాడు అన్న. "అక్క ఫోన్ చేసింది. ఆమె చెల్లెకు ఇంకో హాల్ ఉందట, ఆడ కూడ పెట్టమంటుంది. ఆ పిల్లనే పంపు అన్నది. పక్కా చేసిన కాయితం సంతకం పెట్టి బల్ల మీద ఉంచిన, చూసుకో."

చాయ్ తాగానో లేదో గుర్తులేదు. మెట్లు ఎలా దిగానో కూడా గుర్తులేదు. నారాయణగూడ రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. అటువైపు కంకర మిషన్ గర్రుమంటోంది.

"ఏంది బిడ్డా, పని టైముల ఫోన్ చేసినవ్? జరం గిట్ల వచ్చిందా?"

"లేదమ్మా. ఉద్యోగం వచ్చింది."

"ఆఁ? ఇనవడ్తలేదు. ఏమొచ్చింది?"

"ఉద్యోగం!"

"జర మిషన్ ఆపుండ్రి, నా బిడ్డ మాట్లాడుతుంది!" అని అమ్మ అరిచింది. మిషన్ ఆగింది. "ఇప్పుడు చెప్పు."

"ఉద్యోగం వచ్చిందమ్మా. పక్కా. సర్కారుది మాత్రం కాదు."

ఆరేళ్లు ఆమె మోసిన ఇటుకలు సర్కారు కొలువు కోసమే. ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

"ఏం పని చేస్తవ్ మరి?"

కంప్యూటర్ అని, జావా అని, ఫ్రేమ్‌వర్క్ అని నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను. "పొద్దుగాల తలుపు తెరుచుకోకముందే, ఎవరి కుర్చీ వాళ్లకు పెట్టించే పనమ్మా. అది అయినంకనే తలుపు తెరుచుకుంటది. ఎవ్వరి జాగ ఎవ్వరు గుంజుకోకుండ."

ఆమె ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసి అక్కడి వాళ్లకు చెప్పడం వినిపించింది. "నా బిడ్డకు కొలువు వచ్చింది!" మేస్త్రీ కాబోలు, "ఏ డిపార్ట్‌మెంటు?" అని అడిగాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"తలుపులు తీసే డిపార్ట్‌మెంటు," అంది. "అందరికీ కుర్చీ ఇయ్యంది నా బిడ్డ తలుపు తియ్యది!"